సీసాకెక్కే పండు, ఫ్రీజర్‌కెళ్లే పండు



నేరేడు పండ్లు వచ్చేశాయి. జ్యేష్ఠంలో మొదలవుతాయి, ఆషాఢం చివరికొచ్చేసరికి తోపుడుబండి మీద నలిగినవే మిగులుతాయి. చెట్టు నుంచి రాలిన నేరేడు పండుకి ఆయుష్షు రెండు రోజులు, మహా అయితే మూడు. ఫ్రిజ్‌లో పెడితే వారం. అందుకే నేరేడు చెట్టున్న ఇంట్లో ఈ నెలంతా ఒకటే తంతు. పిల్లలు నాలుకలు ఊదారంగు చేసుకుని తిరుగుతారు, ఇరుగుపొరుగు ఇళ్లకు గిన్నెలు వెళ్తాయి, మిగిలినవి వాకిట్లో రాలి ఎంత కడిగినా వదలని మరకలవుతాయి.

మామిడికాయ దొరికితే ఏం చెయ్యాలో మన ఇళ్లలో ఒకరు చెప్పక్కర్లేదు. రేగుపండ్లకూ దారి ఉంది. బెల్లం, ఉప్పు, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రోట్లో దంచి, బిళ్లలు తట్టి ఎండబెడితే రేగి వడియాలు. కార్తీకంలో ఉసిరికాయ కోసం జాడీ సిద్ధంగా ఉంటుంది. నేరేడుకే ఏ ఏర్పాటూ లేదు. అది వచ్చేది తొలకరి ముసురులో, ఎండబెడదామంటే ఎండ ఉండదు. నూనెలో వేద్దామంటే ఆ వగరు నూనెతో కలవదు. ఉప్పూ కారం చల్లుకుని తినెయ్యడమే మనకు తెలిసింది. స్ట్రాబెర్రీ అయితే ఇంకా కొత్త చుట్టం. విశాఖ మన్యంలో, చింతపల్లి మండలం లంబసింగిలో ఇప్పుడు చలికాలమంతా స్ట్రాబెర్రీ తోటలు కాస్తున్నాయి. చూడ్డానికి వెళ్లినవాళ్లు డబ్బాలు డబ్బాలు కొనుక్కుని కొండ దిగుతారు. ఇంటికి చేరేసరికి అడుగు వరస మెత్తబడి నీరు కారుతూ ఉంటుంది.

ఇలాంటి పండ్లను ఇంట్లోనే ఏడాదిపాటు దాచుకునే పద్ధతులు రెండున్నాయి. ఒకటి, సీసాలో నింపి, మూతపెట్టి, సీసాతో సహా నీళ్లలో మరిగించడం. రెండోది, గడ్డకట్టించడం. రెండూ మంచివే. కానీ ప్రతి పండూ రెండింటికీ సరిపోదు. నన్నడిగితే వాక్కాయ సీసాకెక్కాలి, నేరేడు ఫ్రీజర్‌కెళ్లాలి, స్ట్రాబెర్రీలో నదురైనవి ఫ్రీజర్‌కి, నలిగినవి జాముకి. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను.

ముందుగా సీసా సంగతి. 1810లో ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే మిఠాయి తయారీదారుకు అక్కడి ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. ఆయన చేసిందల్లా ఆహారాన్ని గాజు సీసాల్లో నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచడం. తిండి నెలల తరబడి చెడలేదు. ఎందుకు చెడలేదో ఆయనకూ తెలియదు. సూక్ష్మజీవులే కుళ్లుకు కారణమని లూయీ పాశ్చర్ తేల్చడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. వేడికి సీసాలోని జీవులు చస్తాయి, లోపలి గాలి బయటికి పోతుంది, చల్లారాక మూత లోపలికి పీల్చుకుని బిగుసుకుంటుంది, కొత్త జీవులు లోపలికి రాలేవు. పద్ధతి మొత్తం ఇంతే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దయచేసి ఈ ముక్క జాగ్రత్తగా వినండి. మరిగే నీళ్ల వేడికి చావని జీవి ఒకటుంది. దాని పేరు క్లాస్ట్రిడియం బాట్యులినమ్. మట్టిలో ఉంటుంది. దాని బీజాలు 100 డిగ్రీల వేడిని తట్టుకుంటాయి. గాలి లేని చోట, పులుపు లేని ఆహారంలో అవి మళ్లీ మొలిచి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం నరాలను చచ్చుబడేలా చేస్తుంది, ప్రాణం తీస్తుంది. బూజులాగా కంటికి కనిపించదు, ఒక్కోసారి వాసన కూడా రాదు. గాలి తీసేసి మూత బిగించిన సీసా దానికి సొంతిల్లే. మరి పండ్ల సీసాలు ఎలా క్షేమం? పులుపు వల్ల. పులుపును కొలిచే పీహెచ్ అనే కొలమానంలో 4.6 కంటే తక్కువ ఉంటే, అంటే పులుపు అంతకంటే ఎక్కువ ఉంటే, ఆ బీజాలు మొలవలేవు. స్ట్రాబెర్రీ 3.5 ప్రాంతంలో ఉంటుంది. వాక్కాయ ఇంకా పుల్లన, 3 దగ్గర. నేరేడు 4కి అటూ ఇటూ.

అందువల్ల ఈ పండ్లను మామూలు తపేలాలో మరిగించి సీసాకెక్కించవచ్చు. చిక్కుడు గింజలు, మొక్కజొన్న, పుట్టగొడుగులు మాత్రం ఇదే పద్ధతిలో పెట్టకూడదు. వాటికి 116 నుంచి 121 డిగ్రీల వేడి కావాలి, దానికి ప్రత్యేకమైన పెద్ద ప్రెషర్ పాత్ర కావాలి. మన వంటింటి కుక్కర్‌లో నాలుగు విజిళ్లు వచ్చేదాకా ఉంచితే సరిపోదా అంటారు. సరిపోదు. అది తొందరగా వేడెక్కి తొందరగా చల్లారిపోతుంది, పరీక్షించి వేసిన లెక్కలు దానికి వర్తించవు. కూరగాయల జోలికి పోకండి, అవి మన ఊళ్లో ఏడాది పొడుగునా దొరుకుతూనే ఉంటాయి.

ఇంకో హెచ్చరిక. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు ఆకు కోసం పెంచే మల్బరీకి నల్లటి పండ్లు కాస్తాయి, చాలా తియ్యగా ఉంటాయి. ఆ తీపే అనుమానించాల్సింది. బాగా పండిన మల్బరీలో పులుపు ఎంత ఉంటుందో చెప్పలేం. సీసాకెక్కించేటప్పుడు అరలీటరు సీసాకు పావు చెంచా నిమ్మఉప్పు వెయ్యకుండా మూత పెట్టొద్దు. మాగిన నేరేడుకీ ఇదే మాట.

ఇక వాక్కాయ. రాయలసీమలో కలివికాయ అంటారు. శ్రావణంలో వస్తుంది. వాక్కాయ పప్పు తినని తెలుగువాళ్లు తక్కువ. కానీ వాక్కాయ అని తెలియకుండా వాక్కాయ తిన్నవాళ్లు ఇంకా ఎక్కువ. బేకరీలో కేకు మీద, మిఠాయి కిళ్లీలో ఎర్రగా మెరుస్తూ కనిపించే చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు. గింజ తీసి, పంచదార పాకంలో నానబెట్టి, ఎర్ర రంగు పట్టించిన వాక్కాయ! అసలు చెర్రీ కాశ్మీరు, హిమాచల్ కొండల నుంచి రావాలి, ఖరీదెక్కువ. మన ముళ్లపొద కాయ ఆ పని చవగ్గా చేసిపెడుతోంది. దేశమంతా పుట్టినరోజుల్లో కేకు మీద కూర్చుంటోంది, పేరు మాత్రం ఇంకొకరిది.

దాన్ని ఇంట్లో రంగు లేకుండా ఇలా చేసుకోండి. ఎరుపు తిరిగిన, గట్టిగా ఉన్న కాయలు కిలో తీసుకోండి. కోస్తే తెల్లటి జిగురుపాలు వస్తాయి, చేతికి అంటుకుంటాయి. రెండుగా చీల్చి గింజలు తీసి, ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి రెండుసార్లు కడిగితే ఆ జిగురు పోతుంది. లీటరు నీళ్లకు 400 గ్రాముల పంచదార వేసి కాచండి. తీగపాకం అక్కర్లేదు, పంచదార కరిగి ఒక పొంగు వస్తే చాలు. అందులో ముక్కలు వేసి రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వండి. గిన్నె స్టీలుదే అయ్యుండాలి. అల్యూమినియం, ఇనుము పులుపుతో పడవు, రంగు చెడగొడతాయి.

ఈలోగా సీసాలు వేడినీళ్లలోనే ఉండాలి. చల్లటి సీసాలో వేడి పాకం పోస్తే పగులుతుంది. పాత కాఫీపొడి సీసాలు, ప్లాస్టిక్ మూతలున్నవి దీనికి పనికిరావు. లోపల రబ్బరులాంటి పూత ఉన్న రేకు మూతలు కావాలి, అవి కూడా కొత్తవి. ఆ పూత ఒకసారే సరిగ్గా అతుక్కుంటుంది. సీసా మళ్లీ వాడుకోవచ్చు, మూత వాడకూడదు. రెండు మూడు రూపాయలు మిగుల్చుకుందామని సీసా నిండా పండ్లు పోగొట్టుకున్న ఇల్లాళ్లు చాలామంది కనిపిస్తారు.

ముక్కలూ పాకమూ వేడివేడిగా నింపి, పైన అర అంగుళం ఖాళీ వదలండి. సన్నటి శుభ్రమైన పుల్లతో పక్కల నుంచి కదిపి గాలి బుడగలు తీసెయ్యండి. అంచు తుడవండి, పంచదార మరక ఉంటే మూత పట్టదు. మూత పెట్టి, మరీ బిగించకుండా తిప్పండి. లోతైన తపేలా అడుగున దట్టమైన గుడ్డ గానీ స్టీలు జల్లెడ గానీ వేసి, దానిమీద సీసాలు నిలబెట్టి, మూతల మీద ఒక అంగుళం నీళ్లు నిలిచేలా వేడినీళ్లు పోయండి. నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి లెక్క. అమెరికా వ్యవసాయ శాఖ పరీక్షించి వేసిన పట్టిక ప్రకారం, వేడిగా నింపిన బెర్రీ పండ్ల అరలీటరు సీసాకు 15 నిమిషాలు.

అది సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్ల లెక్క. విజయవాడకూ కాకినాడకూ సరిపోతుంది. హైదరాబాదులో ఉన్నవాళ్లు 20 నిమిషాలు ఉంచాలి. ఊరు ఎత్తు మీద ఉంటే నీళ్లు తక్కువ వేడికే తెర్లుతాయి. ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. హైదరాబాదు 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. లంబసింగిలో అయితే 97 దగ్గరే. తెర్లడం చూసి వంద డిగ్రీలు అనుకుంటాం, కాదు. మదనపల్లెవాళ్లు కూడా ఈ అయిదు నిమిషాలు కలుపుకోండి. వంటల పుస్తకాల్లో ఈ సంగతి నాకు ఎక్కువగా కనిపించదు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

పట్కారుతో సీసాలు బయటికి తీసి, గుడ్డ మీద, గాలి కొట్టని చోట ఎడంగా పెట్టండి. మర్నాటిదాకా కదపొద్దు. చల్లారుతుంటే టక్, టక్ అని చప్పుడొస్తుంది. మూత మధ్యభాగం లోపలికి లాక్కుంటోందన్నమాట. మర్నాడు మూత నడుమ వేలితో నొక్కి చూడండి. కదలకపోతే పట్టినట్టు. కదిలితే ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టి వారంలోగా తినెయ్యండి. పట్టినవాటి మీద నెలా సంవత్సరమూ రాసి చీకటి అలమరలో పెట్టండి. వెలుగు తగిలితే రంగు పాలిపోతుంది.

ఇక్కడ పంచదార గురించి చాలామందికి ఉండే అపోహ ఒకటి తీరుస్తాను. సీసా పద్ధతిలో పండును నిలిపేది పంచదార కాదు. వేడి, పులుపు, బిగుసుకున్న మూత. పంచదార రంగునీ ఆకారాన్నీ కాపాడుతుంది, అంతే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు వట్టి నీళ్లలోనే, పండు సొంత రసంలోనే పెట్టుకోవచ్చు, నిల్వకు లోటు రాదు. జాము సంగతి వేరు. అక్కడ పంచదారే కాపలా. జాములో పంచదార వంతు 65 శాతం పైన ఉంటే, నీటినంతా అది పట్టుకుని కూర్చుంటుంది, బూజుకి తాగడానికి చుక్క దొరకదు. ఆరోగ్యం కోసమని పంచదార సగానికి తగ్గించి చేసిన జాము ఫ్రిజ్‌లో ఉండాలి, అలమరలో కాదు.

స్ట్రాబెర్రీ జాము గట్టిపడదని ఫిర్యాదు చేస్తారు. తప్పు మీది కాదు. జాము గడ్డకట్టడానికి పెక్టిన్ అనే పదార్థం కావాలి, అది స్ట్రాబెర్రీలో తక్కువ. వాక్కాయలో బోలెడుంది. పావుకిలో వాక్కాయలు ఉడికించి, వడకట్టిన రసం కిలో స్ట్రాబెర్రీలో కలపండి. పెక్టినూ వస్తుంది, పులుపూ వస్తుంది. ఒకటి చలికాలపు పండు, ఇంకొకటి శ్రావణంలోది, రెండూ ఎలా కలుస్తాయంటారా? వాక్కాయ రసాన్ని ఫ్రీజర్‌లో దాచండి. ఇలాంటప్పుడే రెండు పద్ధతులూ చేతులు కలుపుతాయి. జాము అయిందా లేదా అన్నదానికి చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి, వేలితో తోస్తే ముడత పడాలి. ముడత పడితే పొయ్యి కట్టెయ్యండి.

ఇక గడ్డకట్టించడం. దీని వెనక క్లారెన్స్ బర్డ్స్ ఐ అనే అమెరికన్ ఉన్నాడు. 1910ల్లో కెనడాలోని లాబ్రడార్ ప్రాంతంలో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యుయిట్ ప్రజలు పట్టిన చేప ఆ చలిగాలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండడం చూశాడు. కిటుకు వేగంలో ఉంది. మెల్లగా గడ్డకడితే పండులోని నీరు పెద్ద పెద్ద మంచు పలుకులై కణాల గోడలను చీలుస్తుంది. కరిగాక పండు చతికిలబడుతుంది. వేగంగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, పండు కొంత నిలుస్తుంది.

కిలో పండ్లు ఒకే సంచిలో కుక్కి ఫ్రీజర్‌లో పడేస్తే మధ్యలోవి గడ్డకట్టడానికి రాత్రంతా పడుతుంది, పొద్దున్నే రాయిలాంటి ముద్ద తేలుతుంది. అందుకని పళ్లెంలో ఒక్క వరసగా, ఒకదానికొకటి తగలకుండా పరచండి. గట్టిపడ్డాక సంచిలో నింపి, గాలి నొక్కి తీసి, మూతి కట్టండి. అప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు పిడికెడు తీసుకోవచ్చు. రసమైతే డబ్బా నిండా పోయొద్దు. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది, గాజు సీసా అయితే పగులుతుంది.

స్ట్రాబెర్రీని ముందు కడిగి, తడి ఆరాక అప్పుడు తొడిమ తియ్యండి. ముందే తొడిమ తీస్తే ఆ రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోయి పండు చప్పబడుతుంది. ముక్కలుగా పెట్టాలనుకుంటే కిలోకి పావుకిలో పంచదార కలిపి, ఊరిన రసంతో సహా గడ్డకట్టించండి.

నేరేడుకి ఫ్రీజరే ఎందుకంటున్నానంటే, మరిగిస్తే ఆ పండుకున్న అసలు గుణం పోతుంది. పచ్చిగా ఉన్నప్పటి వగరు, ఆ తేలికపాటి వాసన ఉడికాక ఉండవు. గింజ తీసిన గుజ్జును చిన్న చిన్న డబ్బాల్లో గడ్డకట్టించండి. గింజ తియ్యడమే పెద్ద పని. పండ్లు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, స్టీలు జల్లెడ మీద అరచేత్తో రుద్దితే గుజ్జు కిందికి దిగుతుంది, గింజ పైన మిగులుతుంది. పాత చీర కట్టుకుని కూర్చోండి, ఆ మరక వదలదు. వచ్చే ఏప్రిల్లో ఆ గుజ్జు సగం కరిగాక మిక్సీలో వేసి, నల్లుప్పు, చిటికెడు కారం, నిమ్మరసం కలిపి గ్లాసుల్లో పోస్తే ఇంటికొచ్చిన చుట్టాలు ఇది ఏ కాలమో మర్చిపోతారు.

స్క్వాష్ చేస్తామంటారు కొందరు. చెయ్యండి, కానీ నిల్వ మందు విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. కేఎంఎస్ అనే పొటాషియం మెటాబైసల్ఫైట్ నిమ్మ, మామిడి రసాలకు బాగుంటుంది, నేరేడులో వేస్తే రంగు వెలిసిపోతుంది. దీనికి సోడియం బెంజోయేట్ వాడాలి. అదీ కిలో స్క్వాష్‌కు గ్రాములో పదింట ఏడు వంతులు, అంతకు మించకూడదు. మన వంటింటి త్రాసు మీద అంత కొలవడం కష్టం. ఈ బాధంతా ఎందుకు, ఫ్రీజర్ ఉండగా? ఇంకో మాట, షుగరుకు మంచిదని నేరేడు పండ్లు కొని, కిలో రసానికి కిలో పంచదార పోసి స్క్వాష్ చేసుకుని తాగేవాళ్లను ఏమనాలో నాకు తెలియడం లేదు.

న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు జూలైలో బ్లూబెర్రీ తోటలకెళ్లి స్వయంగా కోసుకుని బకెట్లతో ఇంటికొస్తారు. తోటలో పండించిన బ్లూబెర్రీ పుట్టిల్లు ఆ రాష్ట్రమే. ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ అనే ఇద్దరూ అడవి పొదను తోటపంటగా మార్చి, 1916లో వైట్స్‌బాగ్ అనే చోట మొదటి పంటను అమ్మకానికి పంపారు. వీడియో కాల్‌లో ఇన్ని పండ్లు ఏం చెయ్యాలని వాళ్లడిగితే చెప్పండి. బ్లూబెర్రీని కడక్కుండానే గడ్డకట్టించాలి, తడి తగిలితే తోలు గట్టిపడుతుంది. వాడుకునేటప్పుడు కడుక్కోవచ్చు. సీసాలకు వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. జాన్ మేసన్ అనే ఆయన 1858లో పేటెంటు తీసుకున్న మర మూత సీసాల రకం అక్కడ ప్రతి కిరాణా కొట్లో ఉంటుంది.

ఫ్రీజర్‌కి ఒక బలహీనత ఉంది, కరెంటు. ఫ్రీజర్ సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర పండ్లు పది పన్నెండు నెలలు బాగుంటాయి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అర అంత చల్లబడదు, అందులో నెలా రెండు నెలలకు మించి పెట్టొద్దు. కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు ఆగుతుంది, సగం నిండినది ఒక రోజు. పండ్ల మీద ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే మళ్లీ గడ్డకట్టించవచ్చు, కాకపోతే ఇంకాస్త మెత్తబడతాయి. పూర్తిగా కరిగి వెచ్చబడితే వద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్లలో ఉన్నదంతా పారబోసుకోవాల్సి వచ్చింది. అలమరలోని సీసాలకు అలాంటి భయం లేదు. కోస్తాలో ఉన్నవాళ్లు ఫ్రీజర్‌లో పెట్టినదాన్ని తుపాన్ల కాలం రాకముందే, ఆశ్వయుజంలోగా, చాలామట్టుకు వాడేసుకుంటే మంచిది.

సీసా తెరిచేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. మూత ఉబ్బి ఉన్నా, తియ్యగానే నురగ ఎగదన్నినా, రసం మసకబారినా రుచి చూడొద్దు, చిటికెన వేలితో కూడా. గొయ్యి తీసి పాతిపెట్టండి, పశువులకూ పెట్టకండి. బాగున్న సీసాలో ముక్కలు తినేశాక మిగిలిన పాకాన్ని పారబొయ్యకండి. వాక్కాయ పాకంలో చల్లటి సోడా కలిపితే మంచి పానీయం, చారెడు అల్లం రసం చేరిస్తే ఇంకా బాగుంటుంది.

వాక్కాయలు శ్రావణానికి వస్తాయి. ఈ నెలలోనే అరలీటరు సీసాలు ఆరు, కొత్త మూతలు ఎనిమిది తెచ్చి పెట్టుకోండి. రెండు మూతలు ఎక్కువ ఎందుకంటే, బిగించేటప్పుడు ఒకటో అరో వంకర పోతుంది.